దంతవైద్య కళాశాలను ఎంచుకోవడం ఎలా?
(బై.పి.సి. చదువుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక పాఠం)



నీట్ ర్యాంకులు వచ్చిన వారం రోజులకు మన హాస్టల్ పూర్వ విద్యార్థుల ఫోన్లు మోగడం మొదలవుతుంది. "అన్నా, ఎం.బి.బి.ఎస్. వచ్చేలా లేదు, బి.డి.ఎస్. వస్తుందంటున్నారు, ఏ కాలేజీ పెట్టుకోమంటావు?" అని ఒకరు, "అక్కా, ఫలానా కాలేజీ బిల్డింగ్ చాలా బాగుందట, చేరమంటావా?" అని ఇంకొకరు అడుగుతారు. ఆప్షన్లు పెట్టుకోవడానికి అప్పటికి రెండు మూడు రోజులే మిగిలి ఉంటాయి. అంత తక్కువ వ్యవధిలో అయిదేళ్ళ చదువును, ఆ తర్వాతి జీవితాన్ని నిర్ణయించుకోవడం కష్టం. అందుకే ఈ పాఠం. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడే దీన్ని చదివి, దాచుకోండి.

చెప్పదలచుకున్నది ముందే చెబుతాను. దంతవైద్యం చేతి విద్య. పుస్తకం ఎంత చదివినా, పన్ను పీకడం పన్ను పీకితేనే వస్తుంది. కాబట్టి ఎక్కువ మంది రోగులు మీ చేతి కిందికి వచ్చే కాలేజీ మంచి కాలేజీ. దానితోపాటు, మీ అమ్మానాన్నలను అప్పులోకి దించని కాలేజీ మీకు మంచి కాలేజీ. ఈ రెండూ కలిసిన చోటు వెతకాలి. బిల్డింగ్, బస్సు, ప్రకటన, పేరు ఇవన్నీ ఆ తర్వాతి మాట.

1. ఈ చదువు ఎలా ఉంటుంది?

బి.డి.ఎస్. అంటే బ్యాచిలర్ ఆఫ్ డెంటల్ సర్జరీ. నాలుగేళ్ళ చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్, మొత్తం అయిదేళ్ళు. మన దేశంలో మొదటి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ ప్రారంభించారు. ఈ వృత్తికి 1948లో డెంటిస్టుల చట్టం వచ్చింది. దాని కింద ఏర్పడిన డెంటల్ కౌన్సిల్ స్థానంలో జాతీయ దంతవైద్య కమిషన్‌ను తీసుకురావడానికి 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది.

మొదటి సంవత్సరంలో శరీర నిర్మాణం (అనాటమీ), ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీతోపాటు పంటి నిర్మాణం చదువుతారు. మైనం దిమ్మ మీద పన్ను ఆకారం చెక్కడం కూడా మొదటి ఏడాదిలోనే నేర్పుతారు. సుద్దముక్కల మీద బొమ్మలు చెక్కే అలవాటున్న వాళ్ళకు ఇది సరదాగా ఉంటుంది. రెండో ఏడాదిలో పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ, పంటికి వాడే పదార్థాల శాస్త్రం ఉంటాయి. కట్టుడు పళ్ళు తయారు చేయడం, పిప్పి పన్ను నింపడం బొమ్మ దవడల మీద సాధన చేస్తారు. మూడో ఏడాదిలో జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీ, నోటి వ్యాధుల పాథాలజీ చదువుతూ రోగుల దగ్గరికి వెళ్ళడం మొదలవుతుంది. నాలుగో ఏడాదిలో ఎనిమిది సబ్జెక్టులు. చిగుళ్ళు, కట్టుడు పళ్ళు, రూట్ కెనాల్, వంకర పళ్ళు సరిచేయడం, పిల్లల దంతాలు, నోటి శస్త్రచికిత్స, ఎక్స్‌రేలు, ప్రజారోగ్యం – అన్నీ అక్కడే వస్తాయి.

దీన్నిబట్టి ఒక విషయం అర్థం కావాలి. మొదటి రెండేళ్ళు ఏ కాలేజీ అయినా ఇంచుమించు ఒకటే. పుస్తకాలు అవే, సిలబస్ అదే, పరీక్ష పెట్టేదీ ఒకే యూనివర్సిటీ. తేడా తెలిసేది మూడో ఏడాది నుంచి. రోగులుంటే చేయి తిరుగుతుంది. లేకపోతే రికార్డు పుస్తకం నిండుతుంది గాని చేయి తిరగదు.

2. మన ఊళ్ళకు ఈ డాక్టరు ఎందుకు కావాలి?

"పంటి డాక్టరు కూడా ఒక డాక్టరేనా?" అనే మాట మీలో చాలామంది వినే ఉంటారు. అలా అన్నవాళ్ళను నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు తీసుకెళ్ళి అక్కడి పిల్లల పళ్ళు చూపించాలి. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే, పన్ను చిగురులోంచి బయటికి రాకముందే దాని పింగాణీ పొర దెబ్బ తింటుంది. పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు చారలు వస్తాయి. ఆ పిల్లలు నవ్వడానికి నోటికి చేయి అడ్డం పెట్టుకుంటారు. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును వైద్య పత్రికలో మొదట వివరించింది 1937లో. ఆ గ్రామాలు అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతానివి.

ఉత్తరాంధ్ర తీర గ్రామాలలో 'అడ్డపొగ' అలవాటుంది. చుట్ట వెలిగించిన కొసను నోటి లోపల పెట్టుకొని పొగ పీలుస్తారు. ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్ళలో ఈ అలవాటు ఎక్కువ. వేడికి, పొగకు అంగిలి మీద తెల్ల మచ్చలు, పుండ్లు వస్తాయి. కొందరికి అది క్యాన్సర్‌గా మారుతుంది. 1971లో ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి ప్రచురించిన అధ్యయనం ప్రపంచమంతటా దంతవైద్యులు చదువుకునేదిగా నిలిచింది. ఇక గుట్కా నమిలి నోరు తెరుచుకోని కుర్రవాళ్ళు మన ఊళ్ళలో ఎక్కడ చూసినా కనిపిస్తారు.

ఇదంతా కాలేజీ ఎంపికకు ఎందుకంటారా? మన వాళ్ళ జబ్బులు మన వాళ్ళు వచ్చే ఆసుపత్రిలోనే కనిపిస్తాయి. కూలి మానుకొని, బస్సు ఎక్కి, ఓ.పి. చీటీ కోసం వరుసలో నిలబడే జనం వచ్చే కాలేజీలో చదివితే ఈ జబ్బులన్నీ కళ్ళతో చూస్తారు. చూసినవాడే తొలి దశలో గుర్తు పట్టగలడు. తొలి దశలో గుర్తు పడితేనే ప్రాణం నిలుస్తుంది.

3. సీటు ఎలా వస్తుంది?

మన రాష్ట్రాలలో ఒకప్పుడు ఎంసెట్ ఉండేది. 2017 నుంచి ఎం.బి.బి.ఎస్., బి.డి.ఎస్. ప్రవేశాలన్నీ నీట్ ర్యాంకుతోనే. పరీక్ష 720 మార్కులకు. అందులో సగం, అంటే 360 మార్కులు, బోటనీ, జువాలజీలవే. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. తెలుగులో కూడా ప్రశ్నపత్రం తీసుకోవచ్చు. ఎస్.సి., ఎస్.టి., బి.సి. విద్యార్థులకు ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 40 శాతం మార్కులు, నీట్‌లో 40వ పర్సంటైల్ అర్హత. డిసెంబరు 31 నాటికి 17 ఏళ్ళు నిండాలి.

అర్హత వేరు, సీటు వేరు. సీటు కౌన్సెలింగ్‌లో వస్తుంది. తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం దీన్ని నిర్వహిస్తాయి. ప్రభుత్వ డెంటల్ కాలేజీలలో 15 శాతం సీట్లు ఆలిండియా కోటాలో ఢిల్లీ నుంచి నింపుతారు. రెండింటికీ విడివిడిగా దరఖాస్తు చేయాలి. ఒకదానికి చేస్తే రెండోది దానంతట అదే రాదు.

సీట్లలో మూడు రకాలున్నాయి. ప్రభుత్వ కాలేజీ సీట్లు, ప్రైవేటు కాలేజీలోని కన్వీనర్ కోటా సీట్లు ర్యాంకు, రిజర్వేషన్ ప్రకారం ఇస్తారు. ప్రైవేటు కాలేజీలోని యాజమాన్య కోటా, ఎన్.ఆర్.ఐ. కోటా సీట్లకు ఫీజు చాలా ఎక్కువ. డీమ్డ్ యూనివర్సిటీల ఫీజు కూడా అంతే. ఈ మూడో రకం గురించి కింద ప్రత్యేకంగా చెబుతాను.

రిజర్వేషన్లలో ఈ మధ్య వచ్చిన మార్పు మీకు తెలియాలి. తెలంగాణలో 2025 నుంచి ఎస్.సి. 15 శాతాన్ని మూడు గ్రూపులుగా 1, 9, 5 శాతం చొప్పున విభజించారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025లోనే మూడు గ్రూపులుగా 1, 6.5, 7.5 శాతం చేశారు. మీ కుల ధ్రువపత్రంలో గ్రూపు స్పష్టంగా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఎస్.టి. రిజర్వేషన్ తెలంగాణలో 2022 నుంచి 10 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 6 శాతం.

4. కాలేజీని కొలిచే అయిదు కొలబద్దలు

మొదటిది: సీటు ఏ కోటాలో వస్తోంది?

కాలేజీ పేరు కంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇదే. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీటుకు వస్తుంది. యాజమాన్య కోటా సీటుకు రాదు. "ముందు చేరండి, స్కాలర్‌షిప్ మేం చూసుకుంటాం" అని ఎవరైనా అంటే నమ్మకండి. అయిదేళ్ళ ఫీజు కోసం ఉన్న ఎకరం అమ్ముకున్న ఇంటికి, చదువు పూర్తయిన మరునాడు వచ్చే జీతం ఆ ఎకరాన్ని తిరిగి తెచ్చిపెట్టదు. కొత్తగా పాసైన డెంటిస్టు సంపాదన మొదట్లో తక్కువగానే ఉంటుంది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, లెక్క కోసం చెబుతున్నాను.

కాబట్టి మన వరుస ఇలా ఉండాలి. మొదట ప్రభుత్వ డెంటల్ కాలేజీ. తెలంగాణలో 1959లో మొదలైన హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ కాలేజీ, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, కడప కాలేజీలు. ఆ తర్వాత ప్రైవేటు కాలేజీలలో కన్వీనర్ సీటు. నార్కట్‌పల్లి, ఖమ్మం, మహబూబ్‌నగర్, వికారాబాద్, భీమవరం, రాజమండ్రి, గుంటూరు, నెల్లూరు, తిరుపతి, కర్నూలు ఇలా రెండు రాష్ట్రాలలో ప్రైవేటు డెంటల్ కాలేజీలు చాలా ఉన్నాయి. యాజమాన్య కోటా మన వరుసలో లేదు.

రెండోది: ఓ.పి. ఎంత?

ఒక లెక్క వేద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే. ఒక కాలేజీలో ఏడాదికి 100 మంది చేరతారనుకోండి. మూడో ఏడాది, నాలుగో ఏడాది, ఇంటర్న్‌లు కలిపి 300 మంది రోగుల మీద పని చేయాలి. రోజుకు 300 మంది రోగులు వస్తే ఒక్కొక్కరికి ఒక రోగి. రోజుకు 60 మందే వస్తే అయిదుగురు విద్యార్థులకు ఒక రోగి. ఒకరు పని చేస్తే నలుగురు చూస్తూ నిలబడాలి. రెండు కాలేజీల డిగ్రీ కాగితం ఒక్కటే, కాని రెండు చేతులు ఒక్కటి కావు.

రోగులు తక్కువున్న చోట విద్యార్థి కోటా పూర్తి చేయడానికి తానే రోగులను వెతికి తెచ్చుకోవాలి. ఇన్ని పళ్ళు పీకాలి, ఇన్ని పిప్పి పళ్ళు నింపాలి, ఇన్ని కట్టుడు పళ్ళ సెట్లు చేయాలి అని లెక్క ఉంటుంది. చుట్టాలను బతిమాలడం, చార్జీలు పెట్టి ఊరి నుంచి తాతను రప్పించడం, రోగి కట్టవలసిన డబ్బు తానే కట్టడం – ఇవన్నీ విద్యార్థి జేబులోంచి పోయేవే. డబ్బున్న వాళ్ళు భరిస్తారు. మన వాళ్ళు భరించలేరు.

ఓ.పి. తెలుసుకునే పద్ధతి సులువు. ఒక సోమవారం ఉదయం పది గంటలకు కాలేజీ ఆసుపత్రికి వెళ్ళండి. రోగి వెంట వచ్చిన వాళ్ళలా ఓ.పి. హాలులో ఒక గంట కూర్చోండి. బోర్డు మీద రాసిన అంకెను కాదు, బెంచీల మీద కూర్చున్న మనుషులను లెక్కపెట్టండి. చికిత్స గదిలో ఎన్ని కుర్చీల దగ్గర పని నడుస్తోందో, ఎన్ని కుర్చీల మీద గుడ్డ కప్పి ఉందో చూడండి. మధ్యాహ్నం తర్వాత ఇంకోసారి చూడండి. మీకు వెళ్ళడం కుదరకపోతే ఆ ఊళ్ళో ఉన్న మన పూర్వ విద్యార్థిని అడగండి.

పక్కనే పెద్ద జనరల్ ఆసుపత్రి ఉన్న డెంటల్ కాలేజీకి ఒక లాభం ఉంది. ప్రమాదాల్లో దవడ విరిగిన వాళ్ళు, నోటి క్యాన్సర్ వాళ్ళు, షుగరు, గుండె జబ్బులతో పన్ను తీయించుకోవలసిన వాళ్ళు అక్కడికి వస్తారు. అఫ్జల్‌గంజ్ కాలేజీకి ఉస్మానియా ఆసుపత్రి దగ్గరలో ఉండటం ఇలాంటి లాభమే.

మూడోది: ఫీజు కాని ఖర్చు ఎంత?

ట్యూషన్ ఫీజు రీయింబర్స్ అయినంత మాత్రాన చదువు ఉచితం అనుకోకండి. బి.డి.ఎస్.లో పనిముట్లు విద్యార్థే కొనుక్కోవాలి. చిన్న అద్దం, ప్రోబ్, పట్టకారు మొదలు మైనం, ప్లాస్టర్, బొమ్మ దవడ, పళ్ళ సెట్టు, ఏప్రాన్లు, రికార్డు పుస్తకాలు. దీనికి తోడు యూనివర్సిటీ ఫీజు, పరీక్ష ఫీజు. కొన్ని కాలేజీలు పనిముట్లను లైబ్రరీ పుస్తకాల్లా వాడుకోవడానికి ఇస్తాయి. కొన్ని కాలేజీలు ఫలానా దుకాణంలోనే కొనమంటాయి. పై తరగతి వాళ్ళ పాత పనిముట్లు సగం ధరకు దొరికే కాలేజీలూ ఉన్నాయి. చేరకముందే రెండో ఏడాది విద్యార్థిని అడిగి ఏడాదివారీగా కాగితం మీద రాసుకోండి.

ఇంకొక మాట. రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఆలస్యంగా విడుదలవుతుంది. అప్పటిదాకా కాలేజీ ఆగుతుందా, లేక "ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం" అంటుందా? పరీక్షకు హాల్ టికెట్ ఆపుతారా? సర్టిఫికెట్లు ఆపుతారా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు కాలేజీ ఆఫీసులో దొరకదు. ఆ కాలేజీలో ఇప్పుడు చదువుతున్న ఎస్.సి., ఎస్.టి. విద్యార్థుల దగ్గర దొరుకుతుంది.

నాలుగోది: ఎక్కడ ఉంటారు, ఏం తింటారు?

కాలేజీ సొంత హాస్టల్ ఫీజు కొన్నిచోట్ల ట్యూషన్ ఫీజును మించి ఉంటుంది. అందుకే ఆ ఊళ్ళో మన శాఖ పోస్ట్‌మెట్రిక్ వసతి గృహం ఉందా, అక్కడి నుంచి కాలేజీకి బస్సు ఉందా, ఎంత సేపు పడుతుందో చూడండి. డెంటల్ కాలేజీలు చాలావరకు ఊరి బయట, హైవే పక్కన ఉంటాయి. బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడవవలసిన చోటైతే చెల్లెళ్ళు సాయంత్రం క్లినిక్ ముగిసే వేళను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కాలేజీ హాస్టల్‌లోనే ఉండాలన్న నిబంధన ఉందేమో కూడా ముందే అడగండి.

అయిదోది: నేర్పేవాళ్ళు, ఇంటర్న్‌షిప్

గోడ మీద పేర్ల పట్టిక చూసి మాస్టార్ల సంఖ్య లెక్కపెట్టకండి. రోజూ క్లినిక్‌లో కనిపించే మాస్టార్లు ఎంతమందో అడగండి. ఎం.డి.ఎస్. కోర్సులు ఉన్న కాలేజీలో సీనియర్ అధ్యాపకులు ఎక్కువగా ఉంటారు. అది లాభం. అయితే కష్టమైన కేసులు పి.జి. విద్యార్థులకు పోయి, బి.డి.ఎస్. వాళ్ళకు చిన్న పనులే మిగిలే అవకాశమూ ఉంది. రెండూ అడిగి తెలుసుకోండి. ఇంటర్న్‌లను మాత్రం ఈ అయిదు ప్రశ్నలు తప్పక అడగండి:

(1) మీరు ఇప్పటిదాకా స్వయంగా ఎన్ని పళ్ళు తీశారు?
(2) రూట్ కెనాల్ మొదటి నుంచి చివరి దాకా మీ చేత్తో చేశారా?
(3) మీ బ్యాచ్‌లో మొదటి ఏడాది ఎంతమంది తప్పారు?
(4) ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ ప్రతి నెలా చేతికి వస్తోందా?
(5) మీ తమ్ముణ్ణి ఈ కాలేజీలో చేర్పిస్తారా?

అయిదో ప్రశ్నకు వెంటనే జవాబు వస్తే ఒక అర్థం. కాసేపు ఆలోచిస్తే ఒక అర్థం.

5. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు

మీరు రాసిన ఆప్షన్ల వరుసలో పై నుంచి కిందికి చూస్తూ, మీ ర్యాంకుకు దొరికిన మొదటి సీటును కేటాయిస్తారు. కాబట్టి మీకు నిజంగా ఏది ఎక్కువ ఇష్టమో దాన్నే పైన పెట్టాలి. "అది ఎలాగూ రాదు" అని మంచి కాలేజీని కింద పెడితే, అది వచ్చే అవకాశం ఉన్నా మీకు పైదే ఇస్తారు. పై ఆప్షన్ రాకపోయినంత మాత్రాన కింది ఆప్షన్‌కు నష్టం లేదు. అలాగే ఏ పరిస్థితిలోనూ చేరని కాలేజీని అసలు పెట్టకండి.

గత ఏడాది చివరి ర్యాంకుల జాబితా చూడటం మంచిదే. కాని ఏ అంకెను దేనితో పోలుస్తున్నారో జాగ్రత్త. మీ కేటగిరీ, మీ గ్రూపు, బాలురా బాలికలా, మీ స్థానిక ప్రాంతం, ఎన్నో విడత కౌన్సెలింగ్ – ఇవన్నీ ఒక్కటైతేనే పోలిక. ఎస్.సి. వర్గీకరణ 2025లో వచ్చింది కనుక అంతకు ముందు ఏళ్ళ ఎస్.సి. కటాఫ్‌లు మీకు సరిగ్గా సరిపోవు. నీట్ పేపర్ కష్టాన్నిబట్టి మార్కులు ఏటా మారతాయి. అందుకే మార్కులు కాదు, ర్యాంకు చూడండి.

సీటు వచ్చాక చేరి, తర్వాత మానేస్తే కట్టవలసిన సొమ్ము గురించి నోటిఫికేషన్‌లో ఉంటుంది. ఏ విడత దాకా నష్టం లేకుండా వదులుకోవచ్చో, ఏ విడత తర్వాత కుదరదో ఆ పేరా రెండుసార్లు చదవండి. ఇంగ్లీషు అర్థం కాకపోతే వార్డెన్ గారినో, లెక్చరర్‌నో అడగండి. సిగ్గు పడకండి.

దళారుల మాట కూడా చెప్పాలి. ఫలితాలు వచ్చిన రోజు నుంచి "సీటు ఇప్పిస్తాం" అనే ఫోన్లు వస్తాయి. కౌన్సెలింగ్ బయట బి.డి.ఎస్. సీటు లేదు. ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మీ లాగిన్ పాస్‌వర్డ్, ఓ.టి.పి. ఎవరికీ చెప్పకండి. ఇంటర్నెట్ సెంటర్ అతను ఆప్షన్లు పెడితే, సేవ్ చేసిన ప్రింటు మీ కళ్ళతో చదివి ఇంటికి తెచ్చుకోండి.

6. ఇప్పుడే సిద్ధం చేసుకోవలసిన కాగితాలు

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, నీట్ ర్యాంకు కార్డు, 6 నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, టి.సి., ఆధార్. వీటిలో మన హాస్టల్ పిల్లలను ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి స్టడీ సర్టిఫికెట్లు. ఒక ఊళ్ళో ఆరు, ఇంకో హాస్టల్‌లో ఎనిమిది, గురుకులంలో తొమ్మిది – ఇలా బడులు మారి ఉంటాం. స్థానికతకు 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్ళు ఎక్కడ చదివారన్నది ముఖ్యం. ఉమ్మడి రాష్ట్ర విభజన తర్వాత పదేళ్ళ పాటు సాగిన ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. సరిహద్దు జిల్లాల్లో ఒక రాష్ట్రంలో ఇల్లు, ఇంకో రాష్ట్రంలో చదువు ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. మెమోలో, ఆధార్‌లో, కుల పత్రంలో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఈ సెలవుల్లోనే సరిచూసుకోండి.

7. బి.డి.ఎస్.లో చేరాలా, ఎం.బి.బి.ఎస్. కోసం ఇంకో ఏడాది చదవాలా?

దీనికి అందరికీ ఒకే జవాబు లేదు. మూడు విషయాలు చూడండి. మీ ర్యాంకు ఎం.బి.బి.ఎస్. చివరి ర్యాంకుకు ఎంత దగ్గరలో ఆగింది? ఇంకో ఏడాది ఇంట్లో గడుస్తుందా, కోచింగ్‌కు అప్పు లేకుండా దారి ఉందా? అన్నిటికంటే ముఖ్యంగా, నోటిలో చేయి పెట్టి గంటల తరబడి సన్నని పని చేయడం మీకు ఇష్టమేనా? ఇష్టం లేకుండా, "ఏదో ఒక డాక్టరు" అనిపించుకోవడానికి చేరిన వాళ్ళు మూడో ఏడాదిలో చాలా బాధపడతారు. చేతిపని మీద ప్రేమ, ఓపిక, మనుషులతో మెత్తగా మాట్లాడే స్వభావం ఉన్నవాళ్ళకు ఇది రెండో రకం చదువు కాదు, మొదటి రకం చదువే.

తెలుగు మీడియం నుంచి వచ్చామని భయపడేవాళ్ళకు ఒక మాట. మొదటి ఆరు నెలలు అనాటమీ కష్టంగానే ఉంటుంది. ఇంగ్లీషు మీడియం వాళ్ళకు కూడా ఆ లాటిన్ పేర్లు కొత్తవే. రోజుకు పది పదాలు రాసుకుంటే సంక్రాంతి నాటికి దారిలో పడతారు. క్లినిక్‌కు వచ్చే అవ్వ మాత్రం తెలుగులోనే మాట్లాడుతుంది. "పన్ను జివ్వుమంటోంది", "దవడ లాగుతోంది", "చిగుళ్ళు సలుపుతున్నాయి" అంటే ఏ మాటకు ఏ జబ్బో మీకు తెలిసినంత తేలికగా పక్కవాళ్ళకు తెలియదు.

8. చదువు తర్వాత

ప్రభుత్వ డెంటల్ సర్జన్ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు అరుదు. అవి ఒక్కటే లక్ష్యంగా పెట్టుకోవద్దు. చాలామంది మొదట సీనియర్ల క్లినిక్‌లో రెండు మూడేళ్ళు పని చేసి, చేయి కుదిరాక సొంత క్లినిక్ పెట్టుకుంటారు. కుర్చీ, కంప్రెసర్, ఎక్స్‌రే యంత్రం, పనిముట్లు శుభ్రం చేసే ఆటోక్లేవ్ కావాలి కనుక పెట్టుబడి తప్పదు. చదువుకు అప్పు చేయని వాళ్ళకే క్లినిక్‌కు అప్పు చేసే ధైర్యం ఉంటుంది. మొదటి కొలబద్ద ఎందుకు మొదటిదో ఇక్కడ అర్థమవుతుంది.

నీట్ ఎం.డి.ఎస్. రాస్తే తొమ్మిది విభాగాలలో మూడేళ్ళ పి.జి. ఉంది. ప్రజారోగ్యం వైపూ వెళ్ళవచ్చు. విదేశాల మాటకొస్తే, మన బి.డి.ఎస్.తో అమెరికాలో నేరుగా ప్రాక్టీసు చేయడానికి వీల్లేదు. అక్కడి బోర్డు పరీక్ష పాసై, సాధారణంగా అక్కడి డెంటల్ కాలేజీలో మళ్ళీ రెండు మూడేళ్ళు చదవాలి. బ్రిటన్‌లోనూ రిజిస్ట్రేషన్ పరీక్ష ఉంది. అక్కడిదాకా వెళ్ళాలనుకున్నా, ఇక్కడ నేర్చుకున్న చేతిపనే పెట్టుబడి.

అభ్యాసం

ఒక తెల్లకాగితం తీసుకోండి. ఎడమ పక్కన మీ రాష్ట్రంలోని డెంటల్ కాలేజీల పేర్లు రాయండి. పైన అయిదు గడులు గీయండి: కోటా, ఓ.పి., ఫీజు కాని ఖర్చు, వసతి, నేర్పేవాళ్ళు. ఒక్కో గడిలో మీరు విన్నది కాక, అడిగి తెలుసుకున్నది మాత్రమే రాయండి. తెలియని గడిని ఖాళీగా వదలండి. ఆ ఖాళీ గడి మీరు ఇంకా అడగవలసిన ప్రశ్న. కాగితం నిండిన రోజున ఆప్షన్ల వరుస దానంతట అదే తయారవుతుంది. నిండిన కాగితాన్ని చించేయకండి. హాస్టల్ నోటీసు బోర్డుకు పెట్టండి, వచ్చే ఏడాది తమ్ముడికి, చెల్లెలికి పనికొస్తుంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మన ఇళ్ళలో చాలామంది అమ్మలు, నాన్నలు పన్ను నొప్పికి లవంగం పెట్టుకొని, ఓర్చుకొని, చివరికి పన్నే పోగొట్టుకున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్ళకపోవడానికి కారణం దూరం, డబ్బు, భయం. ఈ మూడింటినీ తగ్గించగలవాడు మన మధ్య నుంచి వెళ్ళిన డాక్టరే. బాగా చదవండి, బాగా అడగండి, ఆ తర్వాతే ఆప్షన్ నొక్కండి. మీ అందరికీ శుభాకాంక్షలు.

– మన హాస్టల్ పూర్వ విద్యార్థి